బైరి గొప్పా, గాషాక్ గొప్పా?

పోయిన సంచికలో వేటపక్షుల గోళ్ల గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు చాలావరకు రెండు పక్షుల చుట్టూనే తిరిగాయి. ఒకటి పెరిగ్రిన్ ఫాల్కన్, అంటే బైరి డేగ. రెండోది చల్లని దేశాల అడవుల్లో తిరిగే గాషాక్ డేగ. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. కొత్త పాఠకులకు ఒక మాట. నేను పరిశోధకురాలిని కాను. మ్యూజియంలో చనిపోయిన పక్షుల చర్మం ఒలిచి, శుభ్రం చేసి, లోపల దూది కూరి, కాలికి చీటీ కట్టి బీరువా సొరుగులో పడుకోబెట్టే పని చేసి రిటైరయ్యాను. పుస్తకాల్లో చదివింది ఎంత ఉన్నా, పక్షి గురించి నా నమ్మకాలు ముందు చేతివేళ్లతో ఏర్పడినవే.

ప్ర: మా ఇద్దరబ్బాయిలకూ పక్షుల కార్డుల ఆటంటే పిచ్చి. పెద్దవాడు బైరి డేగ కార్డు తీసి "గంటకు 389 కిలోమీటర్లు, ఇంకేం మాట్లాడతావ్" అంటాడు. చిన్నవాడిది గాషాక్ పార్టీ. "అడవిలోకి రమ్మను చూద్దాం" అంటాడు. రోజూ ఇదే గొడవ. మీరే తీర్పు చెప్పాలి. – ఇద్దరు పిల్లల తండ్రి

జ: నా ఓటు చిన్నవాడికే. ఎందుకో చెప్తాను, పెద్దబ్బాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

389 అనే అంకె అబద్ధం కాదు. అమెరికాలో కెన్ ఫ్రాంక్లిన్ అనే ఆయనకు డేగల్ని పెంచడం, విమానంలోంచి దూకడం రెండూ వచ్చు. ఫ్రైట్‌ఫుల్ అనే తన ఆడ బైరిని విమానంలో పైకి తీసుకెళ్లి, ఎర చూపించి, దాంతోపాటు తనూ దూకి కొలిచిన వేగం అది. శిక్షణ పొందిన పక్షి, కిలోమీటర్ల ఎత్తు, ముందే సిద్ధం చేసిన ఎర. ఇవన్నీ ఉంటేనే ఆ అంకె వస్తుంది. కడుపు నింపుకోవడానికి దూకే మామూలు బైరి ఆ వేగానికి పోదు, పోవాల్సిన పనీ లేదు. స్వీడన్ శాస్త్రవేత్త థామస్ ఆలెర్‌స్టామ్ స్వేచ్ఛగా తిరిగే పక్షుల దూకుళ్లను రాడార్‌తో కొలిచి 1987లో ప్రచురించాడు. అందులో బైరీ ఉంది, గాషాకూ ఉంది. బైరి వేగం గంటకు 140 కిలోమీటర్ల దగ్గర ఆగింది. 1998లో పీటర్, కెస్టెన్‌హోల్జ్ అనే ఇద్దరు ప్రచురించిన రాడార్ కొలతల్లో అది 184కి చేరింది. అదైనా పైనుంచి కిందికి పడేటప్పటి వేగమే. రెక్కలాడిస్తూ నేలకు సమాంతరంగా వెంటాడితే బైరి 110 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కార్డు మీద ఇవేవీ వేయరు, 389 ఒక్కటే వేస్తారు.

ఇప్పుడు రెండు రెక్కల్నీ బల్ల మీద పక్కపక్కన పరచుకుందాం. బైరి రెక్క పొడుగ్గా, కొసదేరి ఉంటుంది. చివరి ఈకను వేలితో వంచి వదిలితే స్టీలు స్కేలులా టక్కున వెనక్కి కొడుతుంది. తోక పొట్టి. ఛాతీ కండరం ఒంటికి మించినంత పెద్దది, చర్మం ఒలిచేటప్పుడు చెయ్యి ముందు దాని మీదకే పోతుంది. గాషాక్ రెక్క పొట్టిగా, వెడల్పుగా, కొసన గుండ్రంగా ఉంటుంది. విప్పితే చివరి ఈకలు వేళ్లలా విడివిడిగా నిలబడతాయి. తోక చూస్తే ఇంత పక్షికి ఇంత తోకా అనిపిస్తుంది. మలుపు తిప్పేదీ, బ్రేకు వేసేదీ ఆ తోకే.

ఈ రెండు ఆకారాలకీ రెండు జీవితాలు. బైరికి ఖాళీ ఆకాశం కావాలి. ఎత్తున తిరుగుతూనో, కొండ అంచున కూర్చునో కింద ఎగిరే పక్షిని ఎంచుకుంటుంది. ఆ పక్షి నీళ్ల మీదో, మైదానం మీదో ఉన్నంతసేపే బైరి ఆట సాగుతుంది. పావురం చెట్ల గుంపులోకి దూరిందంటే సాధారణంగా బైరి దాన్ని వదిలేసి మళ్లీ పైకి పోతుంది.

గాషాక్ పని అక్కడ మొదలవుతుంది. ఆకుల చాటున కొమ్మ మీద కదలకుండా కూర్చుంటుంది. ఏమీ కనబడకపోతే చప్పుడు లేకుండా ఇంకో కొమ్మకు మారుతుంది. కనబడిందా, కాళ్లతో కొమ్మను ఒక్క తన్ను తన్ని, నాలుగు రెక్కలు వేసేసరికి పూర్తి వేగంలో ఉంటుంది. చాలా వేటలు కొన్ని పదుల మీటర్లలోనే తేలిపోతాయి, దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. రెండు చెట్ల మధ్య సందు రెక్కల వెడల్పు కంటే ఇరుకైతే రెక్కలు ముడిచి బాణంలా దూరిపోతుంది. కుందేలు పొదలోకి దూరితే, కిందికి దిగి కాళ్ల మీద పరుగెత్తి పొదలోకీ వెళుతుంది. బైరి ఇంత పని చేయదు.

అడవిలో వేగానికి ఒక హద్దుంది. 2012లో అమెరికాలోని ఎమ్‌ఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో సెర్తాచ్ కరమన్, ఎమిలియో ఫ్రాజోలి దీన్ని లెక్క కట్టి చూపించారు. చెట్లు ఎంత దట్టంగా ఉన్నాయన్నదాన్ని బట్టి ఒక వేగం ఉంటుంది. దానికి లోపు ఎగిరితే సందు దొరుకుతూనే ఉంటుంది. దాటితే ఎంత నేర్పున్నా ఎక్కడో ఒకచోట చెట్టును గుద్దుకోవాల్సిందే. డ్రోన్లను అడవిలో ఎలా ఎగరేయాలన్నది వాళ్ల ప్రశ్న, ఆ పని రోజూ చేసే పక్షిగా గాషాక్ వాళ్లకు దొరికింది. ఈ లెక్కలో 389 పెట్టి చూడమనండి మీ పెద్దబ్బాయిని.

చంపే పద్ధతీ వేరు. బైరి కాళ్లు మరీ లావు కావు. వేళ్లు పొడుగ్గా, సన్నగా, అడుగున బుడిపెలతో ఉంటాయి. గాల్లో ఈకల్ని పట్టుకోవడానికి అలాంటి వేళ్లే కావాలి. ప్రాణం తీసేది ముక్కు. పైముక్కు అంచున పన్నులాంటి మొన ఉంటుంది, కిందిముక్కులో దానికి సరిపోయే నొక్కు ఉంటుంది. దాంతో మెడ ఎముక కొరికేస్తుంది. గాషాక్ ముక్కుకు ఆ మొన లేదు, దానికి అవసరమూ లేదు. లావుపాటి కాళ్లు, వెనకవేలికీ లోపలివేలికీ కత్తుల్లాంటి గోళ్లు. పట్టుకుని పిసుకుతుంది, వేట కదలడం ఆగేదాకా పిసుకుతూనే ఉంటుంది. చచ్చిన గాషాక్ కాలు మడిచినా లోపలి నరం లాగి వేళ్లు ముడుచుకుంటాయి. నా చేతి తొడుగులు చిరిగింది ఎక్కువగా అలాగే.

మనుషులు డేగలతో వేటాడిన రోజుల్లోనూ ఈ తేడా అందరికీ తెలుసు. యూరప్‌లో దొరలు నలుగురి ముందూ చూపించుకోవడానికి బైరిని ఎగరేసేవారు. వంటింట్లోకి మాంసం తెచ్చేది గాషాక్, అందుకే దానికి వంటవాడి పక్షి అని పేరు. జపాన్‌లో మాత్రం దొరల చేతి మీద కూర్చున్నదీ గాషాకే.

కార్డుల మీద వేగం గడి పక్కనే 'ఎక్కడ' అని ఇంకో గడి గీసుకోమనండి. గొడవ తగ్గకపోవచ్చు గానీ కాస్త బాగుపడుతుంది.

ప్ర: బైరి వేట మీదకు నేరుగా దూకకుండా వంకర దారిలో వస్తుందని చదివాను. దగ్గరి దారి సరళరేఖ కదా? అంత వేగంలో గుద్దితే దానికే దెబ్బ తగలదా? ముక్కు రంధ్రంలో ఉండే బుడిపె గాలి పోటును ఆపుతుందంటారు, నిజమా? – రిటైరైన ఫిజిక్స్ మాస్టారు

జ: మాస్టారూ, సరళరేఖకు అడ్డొచ్చేది కన్ను. బైరి కంటి లోపల బాగా పదునుగా చూసే చోట్లు రెండున్నాయి. వాటిలో ఎక్కువ పదునైనది ఎదురుగా చూడదు, పక్కకు దాదాపు 45 డిగ్రీల కోణంలో చూస్తుంది. దూరంలో ఉన్న పావురాన్ని అంత స్పష్టంగా చూస్తూ నేరుగా దూకాలంటే తల పక్కకు తిప్పి ఉంచాలి. తల తిప్పితే గాలి నిరోధం పెరిగి వేగం పడిపోతుంది. వాన్స్ టక్కర్ అనే అమెరికన్ 2000లో దీన్ని విడదీసి చూపించాడు. తల తిన్నగానే ఉంచి, వేటను పక్కచూపులో నిలుపుకుంటూ వస్తే దారి దానంతటదే సర్పిలంగా వంపు తిరుగుతుంది. దూరం కొంచెం పెరిగినా వేగం తగ్గదు కాబట్టి ముందే చేరుతుంది.

దగ్గరికొచ్చాక దారి మార్చుకునే పద్ధతిని ఆక్స్‌ఫర్డ్ బృందం 2017లో ప్రచురించింది. పక్షులకు బుల్లి కెమెరాలు, జీపీఎస్ పరికరాలు కట్టి చూశారు. వేటను చూసే దిశ ఎంత త్వరగా మారుతుంటే బైరి అంత త్వరగా ఒళ్లు తిప్పుతోంది. క్షిపణుల్ని నడిపించే సూత్రం ఇదే, మీకు నేను విడమరచక్కర్లేదు.

నాకు ఇంకా నచ్చింది 2018లో కంప్యూటర్ మీద చేసిన పని. అంత వేగం ఎందుకంటే గుద్దడానికని మనం అనుకుంటాం. గాలి ఎంత వేగంగా రెక్క మీదుగా పోతే రెక్క అంత బలాన్ని పుట్టించగలదు. పావురం చివరి క్షణంలో పక్కకు తప్పుకుంటే బైరి కూడా అంతే గట్టిగా ఒరిగి దాన్ని అందుకోవడానికి ఆ బలం కావాలి. మలుపు తిరగడానికి వేగం కావాలన్నమాట. మనం రోడ్డు మీద నేర్చుకున్నదానికి ఇది పూర్తిగా తలకిందులు.

దెబ్బ సంగతి. బైరి ఎదురెదురుగా గుద్దదు. వెనకనుంచి, కొంచెం పైనుంచి కాళ్లతో తన్నుకుంటూ పోతుంది. రెండింటి వేగాల మధ్య తేడా అప్పటికి చాలా తగ్గి ఉంటుంది. తన్ను తిన్న పక్షి తూలుతూ పడుతుంటే వెనక్కి తిరిగి గాల్లోనే పట్టుకుంటుంది, లేదంటే నేల మీదనుంచి ఏరుకుంటుంది. చాలా దూకుళ్లు వృథా పోతాయి కూడా. అవి ఎవరూ వీడియో తీసి పంచరు.

ముక్కు బుడిపె ఉన్నమాట నిజం. సన్నని కడ్డీలా రంధ్రం మధ్యలో కనబడుతుంది. జెట్ ఇంజన్ ముందుండే శంకువులా అది గాలి పోటును ఆపుతుందని బొమ్మ పక్కన పెట్టి చెప్పే కథను మాత్రం నేను నమ్మను. గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ ఎలకల కోసం చూసే కెస్ట్రెల్‌కూ సరిగ్గా అలాంటి బుడిపే ఉంది. అది ఏ జెట్ వేగంలో దూకుతోందని?

ప్ర: బైరి డేగకు చిలక దగ్గరి చుట్టమని మా లెక్చరర్ అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన ఎగతాళి చేశారా? – డిగ్రీ విద్యార్థిని

జ: లేదమ్మా, నిజమే చెప్పారు. 2008లో షానన్ హాకెట్, ఆవిడతో పనిచేసినవాళ్లు చాలా పక్షుల జన్యువుల్ని పోల్చి ప్రచురించిన వంశవృక్షంలో బైరి కుటుంబం చిలకల పక్కన, పిచ్చుకల్లాంటి పాటపక్షుల దగ్గర వచ్చి పడింది. గాషాక్ మాత్రం గద్దలు, గరుడపక్షులు ఉండే కొమ్మలోనే ఉంది. వంకర ముక్కూ వాడి గోళ్లూ ఈ రెండు వంశాల్లో విడివిడిగా తయారయ్యాయి. ఒకే రకం తిండికి ఒకే రకం పనిముట్లు.

నాకైతే పెద్ద ఆశ్చర్యం కలగలేదు. చర్మం ఒలిచేవాళ్లకి ముందునుంచీ ఒక అనుమానం ఉండేది. పై ఈకలు తీశాక ఇవి రెండూ అన్నదమ్ముల్లా అనిపించవు. గూడు విషయం చూడండి. గాషాక్ పెద్ద చెట్టు మీద పుల్లలతో గూడు కట్టి, పచ్చి కొమ్మలు తెచ్చి పరిచి, ఏళ్ల తరబడి దానికి మరమ్మతులు చేసుకుంటుంది. బైరి ఒక్క పుల్ల కూడా మొయ్యదు. కొండ అంచున గులకరాళ్లలో ఛాతీతో ఒక గుంట చేసుకుని అందులో గుడ్లు పెడుతుంది.

వేరు వంశమని తెలిసినా చాలా బీరువాల్లో ఇంకా బైరి సొరుగు పక్కనే గాషాక్ సొరుగు ఉంటుంది. సర్దడానికి చోటూ మనుషులూ ఉండాలిగా! దానికి తోడు గాషాక్‌ని 2023లో అమెరికా జాతి, యూరప్–ఆసియా జాతి అని రెండుగా విడదీశారు. మరుసటి ఏడు ప్రజాతి పేరు కూడా అక్సిపిటర్ నుంచి ఆస్టర్‌కు మార్చారు. చీటీలన్నీ తిరిగి రాసే పని నాకు తప్పిపోయినందుకు సంతోషంగా ఉంది.

ప్ర: ఫొటో పంపుతున్నాను. కొమ్మ మీద కూర్చుంది, ఒళ్లంతా గోధుమరంగు, ఛాతీ మీద నిలువు చారలు, కన్ను పసుపు. రెండింటి పిల్లలకీ నిలువు చారలే ఉంటాయని పుస్తకంలో ఉంది. ఇది ఏది? – పక్షుల ఫొటోలు తీసే పాఠకుడు

జ: బైరి కాదు. చారలు వదిలేసి కన్ను చూడండి. బైరి కన్ను పిల్లప్పుడూ పెద్దయ్యాకా నల్లగానే కనిపించే ముదురు గోధుమరంగు, పెద్దవాటికి చుట్టూ మాత్రం పసుపు వలయం. గాషాక్ పిల్లకి కనుపాపే పసుపు. వయసు పెరిగేకొద్దీ అది నారింజకు, ముసలి పక్షుల్లో ఎరుపుకు తిరుగుతుంది. పెద్దవైతే ఇంకా తేలిక. బైరికి చెంప మీద నల్లటి మీసం, గాషాక్‌కి కంటి పైన తెల్లటి కనుబొమ, ఛాతీ నిండా సన్నని అడ్డచారలు. మీ ఫొటోలో పక్షి గాషాక్ పిల్లే అని అనిపిస్తోంది. కానీ స్పారోహాక్ అనే చిన్న డేగల్లో ఆడపక్షి కూడా ఇలా మోసం చేస్తుంది, దాని కాళ్లు అగ్గిపుల్లల్లా సన్నగా ఉంటాయి. కాళ్లు కనబడే ఫొటో ఉంటే పంపండి.

ప్ర: ఈ రెండు డేగలూ అంతరించిపోతున్నాయా? వీటి మీద డీడీటీ అనే పురుగుమందు ప్రభావం గురించి కాస్త వివరంగా రాయగలరా? – ఒక టీచర్

జ: డీడీటీ కథ చెప్పాలంటే మా సొరుగుల్లోంచే మొదలుపెట్టాలి. 1950లు, 60లలో బ్రిటన్‌లో బైరి గూళ్లలో గుడ్లు పగిలిపోతున్నాయని డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త గమనించాడు. తల్లి కూర్చుంటే ఆ బరువుకే పగిలేవి. కొత్త గుడ్లు పలచబడ్డాయని అనుమానం వచ్చింది. పోల్చడానికి పాత గుడ్లు కావాలి కదా? గుడ్లు పోగుచేసే సరదా ఉన్నవాళ్లు ఊది ఖాళీ చేసి, తారీఖు రాసి దాచిన పెంకులు మ్యూజియాల్లో, ఇళ్లలో వేలకొద్దీ ఉన్నాయి. ఆ సరదా వల్ల పక్షులకు జరిగిన హాని తక్కువేం కాదు. అయినా రాట్‌క్లిఫ్‌కు సాక్ష్యం దొరికింది అక్కడే. పెంకుల కొలతలు, బరువు తూచి పోలిస్తే 1940ల చివరినుంచి ఒక్కసారిగా పలచబడ్డాయి, తగ్గుదల అయిదో వంతుకు దగ్గరగా ఉంది. 1967లో ప్రచురించాడు. పెంకులు పలచబడటం మొదలైన ఆ 1940ల చివర్లోనే డీడీటీ వాడుకలోకి వచ్చింది. మందు పడిన పురుగుల్ని తిన్న చిన్నపక్షిని బైరి తినడంతో ఆ మందు పోగై, గుడ్డు పెంకుకు కాల్షియం అందకుండా చేసింది. అమెరికా తూర్పు భాగంలో అయితే 1960ల మధ్యకల్లా గూడు పెట్టే బైరి ఒక్కటీ మిగల్లేదు. 1972లో అక్కడ డీడీటీని నిషేధించారు.

గాషాక్‌ను ఎక్కువ బాధపెట్టింది తుపాకీ, అడవుల నరికివేత. వేట కోసం పెంచే కోళ్లజాతి పక్షుల్ని ఎత్తుకుపోతోందని కాపలాదార్లు కనబడినదాన్ని కనబడినట్టు కాల్చారు. 19వ శతాబ్దం ముగిసేసరికి బ్రిటన్‌లో గూడు పెట్టే గాషాక్‌లు లేకుండా పోయాయి.

రెండింటినీ వెనక్కి తెచ్చినవాళ్లు ఒకే రకం మనుషులు కావడం నాకు ముచ్చటగా ఉంటుంది. వాళ్లు డేగల్ని పెంచేవాళ్లు. అమెరికాలో టామ్ కేడ్ అలాంటివాడే. 1970లో పెరిగ్రిన్ ఫండ్ అనే సంస్థ మొదలుపెట్టి, పెంపుడు బైరిలతో గుడ్లు పెట్టించి, పిల్లల్ని కొండల మీదా భవనాల మీదా వదిలాడు. 1999లో అమెరికా తన ప్రమాద జాబితా నుంచి బైరిని తీసేసింది. బ్రిటన్‌లో ఇప్పుడున్న గాషాక్‌లు 1960ల నుంచి పెంపకందారుల చేతుల్లోంచి తప్పించుకున్నవాటి, వాళ్లు కావాలని వదిలినవాటి సంతానం.

ఇప్పుడు రెండూ నగరాల్లోకి వచ్చేశాయి. న్యూయార్క్ వంతెనల మీద, లండన్ భవనాల మీద బైరిలు గూడు పెడుతున్నాయి. వాటికి ఎత్తైన గోడ అంటే కొండే, పైగా కింద కావలసినన్ని పావురాలు. రాత్రి దీపాల వెలుగులో వలసపక్షుల్ని కూడా పడతాయి. అడవి వదలదనుకున్న గాషాక్ బెర్లిన్ పార్కుల్లో, శ్మశానాల్లో సుమారు వంద జంటలుగా కాపురం పెట్టింది. తుపాకీ పేలకపోతే దానికి మనుషుల అలికిడి పెద్ద అడ్డు కాదు.

ప్ర: మగపక్షి కంటే ఆడపక్షి పెద్దదట, నిజమేనా? బైరి, గాషాక్ ఎదురుపడితే ఏది గెలుస్తుంది? – పేరు రాయని పాఠకుడు

జ: నిజమే, రెండింటిలోనూ. ఆడ బైరి కిలోకు అటూ ఇటూ ఉంటే మగది 600, 700 గ్రాములు. ఆడ గాషాక్ కిలోన్నర చుట్టూ ఉంటుంది, మగది చాలాచోట్ల కిలోకు లోపే. పక్షుల్ని తిని బతికే డేగల్లో ఈ తేడా ఎక్కువ, పురుగులు, శవాలు తినేవాటిలో తక్కువ. గూట్లో పిల్లలున్నప్పుడు చిన్నమగడు చురుగ్గా తిరిగి చిన్నపిట్టల్ని తెస్తాడు, పెద్దావిడ గూడు కాస్తుంది. పిల్లలు పెరిగాక ఆమె కూడా పెద్ద వేటకు బయల్దేరుతుంది.

పోట్లాట గురించి. రెండూ ఒకదాని జోలికి ఒకటి పోకుండానే చాలావరకు బతికేస్తాయి. చెట్ల కింద, నేల దగ్గర చిక్కితే గాషాక్‌దే పైచేయి. బరువు ఎక్కువ, పట్టు ఎక్కువ, పైగా తనకంటే చిన్న డేగల్నీ గుడ్లగూబల్నీ తినే అలవాటు దానికుంది. గూడున్న కొండ దగ్గర ఆకాశంలో అయితే బైరి తనకంటే పెద్ద పక్షుల్ని కూడా పైనుంచి తన్ని తరిమేస్తుంది. ఆ తన్నుకు చచ్చినవీ ఉన్నాయి. రెండింటికీ ఉమ్మడి శత్రువు మాత్రం ఈగిల్ ఔల్ అనే పెద్ద గుడ్లగూబ. అది చీకట్లో వచ్చి గూట్లో పిల్లల్నే కాదు, నిద్రపోతున్న పెద్ద పక్షినీ ఎత్తుకుపోతుంది. అప్పుడు బైరి వేగమూ పనికిరాదు, గాషాక్ పట్టూ పనికిరాదు. ఆ గుడ్లగూబ మీద కూడా రెండు మూడు ఉత్తరాలు వచ్చాయి, వచ్చే సంచికలో చూద్దాం.